లక్క, తెల్లసొన, తేనెమైనం: ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్‌కి బంధక పొర బెజవాడ తేమలో నిలిచేలా వేసుకోవడం ఎలా

ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ (సిలికాన్ బదులు కార్బన్ సమ్మేళనాలతో చేసేది) ప్రాజెక్టు మొదలుపెట్టిన స్టూడెంట్లు ముందుగా అర్ధవాహకం గురించే టెన్షన్ పడతారు. పెంటసీన్ ఎక్కడ దొరుకుతుంది, పీ3హెచ్‌టీ గ్రాము ఎంత, గైడు గారు బిల్లు పాస్ చేస్తారా లేదా అని. నా లెక్కలో అసలు తలనొప్పి దాని కింద ఉండే పొరతోనే. గేటుకీ (వోల్టేజీ ఇచ్చి ట్రాన్సిస్టర్ కరెంటును అదుపు చేసే ఎలక్ట్రోడ్) అర్ధవాహకానికీ మధ్య ఉండి, కరెంటును దాటనివ్వకుండా విద్యుత్ క్షేత్రాన్ని మాత్రం దాటనిచ్చే ఆ బంధక పొర సరిగ్గా లేకపోతే, పైన ఎంత ఖరీదైన పదార్థం పోసినా వృథాయే.

సిలికాన్ చిప్పుల్లో ఈ పని సిలికాన్ డయాక్సైడ్ చేస్తుంది. దాన్ని పెంచాలంటే వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో వేడి చేయాలి. ప్లాస్టిక్ మీదో కాగితం మీదో అది కుదరదు. అందుకే తక్కువ వేడిలో, ద్రావణం నుంచి వేసుకోగలిగే పొరల కోసం వెతుకులాట మొదలైంది. ఆస్ట్రియాలోని లింజ్‌లో మిహాయ్ ఇరిమియా-వ్లాదు బృందం 2010లో గ్లూకోజ్‌నీ, డీఎన్ఏలో ఉండే అడెనిన్, గ్వానిన్‌లనీ బంధక పొరలుగా వాడి చూపించింది. 2011లో తైవాన్ పరిశోధకులు కోడిగుడ్డు తెల్లసొన మీద పెంటసీన్ ట్రాన్సిస్టర్లు చేశారు. 2013లో లింజ్ వాళ్లే లక్కను ఆధారంగానూ బంధక పొరగానూ వాడారు. ఇవన్నీ పనిచేసినవే. మరి మన దగ్గర అదే రెసిపీ చేస్తే ఎందుకు చెడుతుందంటే, చాలాసార్లు కారణం తేమ. కృష్ణ ఒడ్డున ఆగస్టులో గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ప్రకృతి పదార్థాలన్నీ ఎంతో కొంత నీటిని పీల్చేవే.

పైగా ఈ తేమ మీటర్‌ని కూడా మోసం చేస్తుంది. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (పదార్థం ఎంత ఛార్జీని నిల్వ చేయనిస్తుందో చెప్పే అంకె) 80 దాకా ఉంటుంది, ఎండిన లక్కది మూడు నాలుగు మధ్య. పొర తడిస్తే కెపాసిటెన్స్, అంటే ఛార్జీ నిల్వ చేసే సామర్థ్యం, పెరుగుతుంది, "భలే పొర వచ్చింది" అనిపిస్తుంది. మీరు కొలిచింది లక్కను కాదు, అందులో చేరిన నీటిని. అందుకే ట్రాన్సిస్టర్ జోలికి వెళ్లకుండా ముందు కెపాసిటర్ చేయండి. ఫ్యాను మెకానిక్కులు కండెన్సర్ అనేది ఇదే. కింద ఒక లోహపు పొర, మధ్యలో మీ బంధక పొర, పైన కరెంటు పారే ఇంకుతోనో పేస్టుతోనో చిన్న చుక్క. దాన్ని పొడిలోనూ తడిలోనూ కొలిచి, నిలబడితేనే ముందుకు వెళ్లండి.

ఏ పదార్థం ఎంచుకోవాలి

మొదటిసారి చేసేవాళ్లకు లక్కే మంచిది. స్పిరిట్‌లో కరుగుతుంది, నునుపుగా పరుచుకుంటుంది, కాల్చాక నీటికి లొంగదు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లలో మోదుగ, రేగు లాంటి చెట్ల మీద లక్క పురుగు పెట్టేదే ఇది. వడ్రంగులు ఫ్రెంచ్ పాలిష్‌కి వాడే రేకులు వన్‌టౌన్‌లో రంగుల కొట్లలో అడగండి.

తెల్లసొన రెండోది. డైఎలక్ట్రిక్ స్థిరాంకం లక్క కంటే ఎక్కువ, దాదాపు ఐదారు. వేడికి గడ్డకట్టి నీళ్లలో కరగని పొర అవుతుంది. కానీ సహజంగానే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. ఆ అయాన్లు పొరలో అటూ ఇటూ తిరిగితే కొలతలు నిలకడగా రావు.

తేనెమైనం నీటిని దగ్గరికి రానివ్వదు, లీకేజీ (పొర గుండా కారిపోయే కరెంటు) చాలా తక్కువ. అయితే 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, పలచగా సమానంగా పరవడం కష్టం. దాన్ని బంధక పొరగా కంటే పైకప్పుగా వాడుకోవడం తెలివైన పని. పాతకాలపు రేడియోల్లో మైనం పట్టించిన కాగితం కెపాసిటర్లే ఉండేవి. అవి లీకవడానికి పెద్ద కారణం ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి చేరిన తేమే.

కొండపల్లి బొమ్మల ముక్కలు అతికించే చింతగింజల జిగురు వాడొచ్చా అని మన ప్రాంతం వాళ్లకు సహజంగానే అనిపిస్తుంది. జిగురుగా దానికి తిరుగులేదు. బంధక పొరగా మాత్రం వద్దు. అది నీటిని పట్టి ఉంచే పాలీశాకరైడ్. తేమ తగలగానే అయాన్లు కదిలే దారి అయిపోతుంది. ఒక వోల్టు లోపు పనిచేసే ఎలక్ట్రొలైట్ ట్రాన్సిస్టర్లకు అదే గుణం పనికొస్తుంది గానీ, అది వేరే ప్రాజెక్టు. గుంటూరు పత్తి నుంచి సెల్యులోజ్ తీయడం, హిందూపురం పట్టుగూళ్ల నుంచి ఫైబ్రోయిన్ అనే ప్రొటీన్ తీయడం కూడా కుదిరే పనులే. ఫైబ్రోయిన్‌కి లిథియం బ్రోమైడ్, రోజుల తరబడి డయాలిసిస్ కావాలి. మొదటి సెమిస్టర్‌లో వాటి జోలికి పోవద్దు.

రోజూ వేళా చూసుకోండి

ఇది చాదస్తం కాదు. లక్క పాలిష్ వేసే పనివాడిని కదిపి చూడండి. "ముసురు పట్టినప్పుడు పాలిష్ ముట్టుకోమండి, తెల్లగా పాలిపోద్ది" అంటాడు. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పొర మీద నీరు చేరి, లక్క కరగకుండా విడిపోయి తెల్లటి మసక వస్తుంది. బల్ల మీదైతే చూడటానికి బాగోదు, అంతే. మనకైతే ఆ మసక నిండా సూక్ష్మ రంధ్రాలే, ఒక్కో రంధ్రం ఒక్కో షార్ట్.

కాబట్టి పొర వేసే పని మధ్యాహ్నం పెట్టుకోండి. తెల్లవారుజామున గాలిలో తేమ శాతం గరిష్ఠంగా ఉంటుంది, మూడు గంటల వేళకు బాగా తగ్గుతుంది. ఏసీ గది ఉంటే డ్రై మోడ్‌లో గంట ముందు వేసి ఉంచండి. ఎయిర్ కూలర్ మాత్రం ఆపేయాలి, అది గదిలోకి నీటిని తోస్తుంది. సీలింగ్ ఫ్యాను కూడా ఆపండి, దుమ్ము వాలకుండా. గుంటూరులో మిర్చి సీజన్‌లో కిటికీ తెరవొద్దని నేను వేరే చెప్పక్కర్లేదు. చవకగా దొరికే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి బల్ల మీద పెట్టుకుని, 50 శాతం దాటితే ఆ పూటకు పొర వేయడం మానేయండి.

గాజుపలక

వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను గాజుకు అంటించి వాడదామనిపిస్తుంది. దాని మీద రోలర్ గీతలుంటాయి. మైక్రాన్ మందం పొరకు ఆ గీతలే గండి. ఐటీఓ (కరెంటు పారే పారదర్శక ఇండియం టిన్ ఆక్సైడ్) పూత వేసిన గాజు కొనండి, లేదా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో వాక్యూమ్ కోటింగ్ యూనిట్ ఉంటే మామూలు స్లైడ్ మీద అల్యూమినియం వేయించుకోండి. విజయవాడ, గుంటూరుల మధ్య ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, అడిగితే పోయేదేమీ లేదు.

ఐటీఓ ఏ వైపు ఉందో మల్టీమీటర్‌తో చూసుకోండి. పదుల ఓమ్‌లు చూపించే వైపే పైకి ఉండాలి. సబ్బునీళ్లతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. ఆరాక నోటితో ఆవిరి ఊదితే పలక అంతా సమానంగా మసకబారి సమానంగా పోవాలి. మరకలు మరకలుగా కనిపిస్తే మళ్లీ కడగాలి.

లక్క ద్రావణం

మామూలు లక్కలో సుమారు మూడు నుంచి ఐదు శాతం మైనం ఉంటుంది. ఆ మైనం పొరలో గడ్డలుగా మిగిలితే నునుపు పోతుంది. మైనం తీసేసిన రేకులు దొరికితే అవే కొనండి. దొరకకపోతే 10 గ్రాముల లక్కను 90 గ్రాముల ఆల్కహాల్‌లో వేసి, మూత బిగించి రాత్రంతా వదిలేయండి. అప్పుడప్పుడూ కదుపుతూ ఉంటే కరిగిపోతుంది. ఆ తర్వాత కదపకుండా ఒకటి రెండు రోజులు ఉంచితే మైనం అడుగుకు దిగుతుంది. పైన తేటను మాత్రం వంచుకుని, 0.45 మైక్రాన్ల సిరంజి ఫిల్టర్‌తో వడకట్టండి. ఫిల్టర్ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్)ది అయి ఉండాలి.

ఆల్కహాల్ విషయంలో రాజీ పడొద్దు. పాలిష్ కొట్లో దొరికే స్పిరిట్‌లో నీరు ఉంటుంది, ఆ నీరే మసకకు సగం కారణం. శుద్ధ ఇథనాల్‌కి లైసెన్సు గొడవ ఉంటుంది కాబట్టి ల్యాబు గ్రేడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. కరగడానికి టైమ్ ఎక్కువ పడుతుంది గానీ బాగానే కరుగుతుంది. ద్రావణాన్ని సీసాలో నెలల తరబడి దాచుకోవద్దు. లక్కలోని ఆమ్ల సమూహాలు ఆల్కహాల్‌తోనే చర్య జరిపి, చివరికి ఎంతకీ గట్టిపడని పొరనిస్తాయి. కొద్దిగా చేసుకుని, తేదీ రాసి, వారం పది రోజుల్లో వాడేయండి.

పొర వేయడం, కాల్చడం

స్పిన్ కోటర్ (పలకను వేగంగా తిప్పి ద్రావణాన్ని పలచగా పరిచే యంత్రం) లేకపోతే 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను చాలు. మధ్యలో రెండువైపులా అంటుకునే టేపుతో పలకను నిలపండి. ఫ్యాను మొత్తాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేయడం తప్పనిసరి. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే గాజు ఊడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. పలక నిండేలా ద్రావణం వేసి, వెంటనే స్విచ్ వేసి, అర నిమిషం తిప్పండి.

మందం వేగానికి వర్గమూలంలో విలోమంగా మారుతుంది. అంటే పొర సగం కావాలంటే వేగం నాలుగింతలు పెంచాలి. కంప్యూటర్ ఫ్యానుతో అది జరిగే పని కాదు, ద్రావణాన్నే పలచన చేసుకోవాలి. పొర మైక్రాన్ కంటే పలచగా ఉంటే పక్క నుంచి చూసినప్పుడు రంగులు కనిపిస్తాయి. పలక అంతా ఒకే రంగుంటే మందం సమానంగా ఉన్నట్టు. అంచుల్లో రంగుల చారలుంటే ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోకండి. మందం అంచనాకు కాలేజీ అనలిటికల్ బ్యాలెన్స్ చాలు. 25 మిల్లీమీటర్ల చదరపు పలక మీద ఒక మైక్రాన్ లక్క బరువు సుమారు 0.7 మిల్లీగ్రాములు. కాల్చడం అయ్యాక తూచండి, ముందు తూస్తే స్పిరిట్ బరువూ కలుస్తుంది.

పొర వేయగానే ఒక అంచున స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసి ఐటీఓను బయటపెట్టండి. తర్వాత కనెక్షన్ అక్కడే.

కాల్చడంలో తొందర పడితే బుడగలు వస్తాయి. ముందు 60 డిగ్రీల దగ్గర అరగంట, స్పిరిట్ పోవడానికి. లక్క 70, 80 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది కాబట్టి అక్కడి నుంచి నెమ్మదిగా 120 వరకు పెంచి, కొన్ని గంటలు ఉంచండి. ఈ వేడిలో లక్క అణువుల మీదున్న హైడ్రాక్సిల్, ఆమ్ల సమూహాలు ఒకదానితో ఒకటి ముడిపడి, కొంచెం నీరు విడుదలై, పొర గట్టిపడుతుంది. రంగు కాస్త ముదురుతుంది, కంగారు పడకండి. చల్లారాక ఒక మూల స్పిరిట్ చుక్క పెట్టి నిమిషం తర్వాత తుడవండి. పొర ఊడిపోతే ఇంకా కాల్చాలి. ఊడకుండా ఉంటే దాని మీద రెండో పొర వేసుకోవచ్చు. నా సలహా ఎప్పుడూ రెండు పలచటి పొరలే. మొదటి పొరలో రంధ్రం ఉన్నచోటే రెండోదాంట్లోనూ ఉండే అవకాశం తక్కువ.

గ్యాస్ పొయ్యి దగ్గర ఈ పనులేవీ వద్దు. స్పిరిట్ ఆవిరి నేల మీదుగా పాకి మంటను అందుకుంటుంది.

తెల్లసొనతో అయితే

ఒక వంతు తెల్లసొనకు మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి, నురుగు రాకుండా నెమ్మదిగా తిప్పండి. కాసేపటికి తెల్లటి తీగలు విడిపోతాయి. చిక్కదనానికి కారణమైన ఓవోమ్యూసిన్ అది. పలచటి గుడ్డలో, తర్వాత ఫిల్టర్‌లో వడకట్టండి. ఇంటి ఆర్‌ఓ నీళ్లు వద్దు, వాటిలోనూ లవణాలుంటాయి. డయాలిసిస్ గొట్టం దొరికితే ద్రావణాన్ని అందులో పోసి, ఫ్రిజ్‌లో డిస్టిల్డ్ వాటర్‌లో వేలాడదీసి, నీళ్లు మారుస్తూ ఒక రోజు ఉంచండి. లవణాలు చాలా వరకు బయటికి పోతాయి, ఆ తేడా కొలతల్లో స్పష్టంగా తెలుస్తుంది. పొర వేశాక ముందు ఆరనిచ్చి, తర్వాత 140 డిగ్రీల దాకా వేడి చేయండి. తెల్లసొనలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ 80 దాటాకే గడ్డకడుతుంది, మిగిలిన వేడి నీటిని వెళ్లగొట్టడానికి.

పై చుక్క

ఇక్కడ ఒక్క నియమమే. పై పొరలో ఉన్న ద్రవం కింది పొరను కరిగించకూడదు. లక్క మీదకు నీటి ఆధారిత కార్బన్ ఇంకు వాడండి, ఆల్కహాల్‌తో చేసిన గ్రాఫైట్ పెయింట్ వద్దు. తెల్లసొన మీదకు నీటి ఇంకు వద్దు, అది పొరను ఉబ్బిస్తుంది. దానికి సాల్వెంట్‌తో చేసిన సిల్వర్ పేస్ట్ సరిపోతుంది.

ఓహెచ్‌పీ షీటులో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, పలక మీద ఆనించి, ఒక్కో పలకకు పది దాకా చుక్కలు వేయండి. ఒక్క చుక్క బాగా పనిచేస్తే అది అదృష్టం కావచ్చు. పదిలో ఎన్ని షార్ట్ అయ్యాయన్నదే మీ పొర నాణ్యత. చుక్క మీద మీటర్ ప్రోబ్ మొన గుచ్చొద్దు, పొర చిరుగుతుంది. సన్నటి రాగి తీగను చుట్టలా చేసి, అదే పేస్టుతో అంటించి, ఆరాక పట్టుకోండి.

కొలతలు

ముందు ఎంత రావాలో లెక్క వేసుకోండి. శూన్యపు పర్మిటివిటీని డైఎలక్ట్రిక్ స్థిరాంకంతోనూ వైశాల్యంతోనూ గుణించి, మందంతో భాగించాలి. 3 మిల్లీమీటర్ల చుక్క, ఒక మైక్రాన్ లక్క, స్థిరాంకం 3.5 అనుకుంటే సుమారు 220 పికోఫారడ్లు. చదరపు సెంటీమీటరుకు 3.1 నానోఫారడ్లు. మీటర్ దీనికి రెండింతలు చూపిస్తే సంబరపడకండి. పొర అనుకున్న దానికన్నా పలచగా అయినా ఉండాలి, తడిగా అయినా ఉండాలి.

ఆ రెండింటిలో ఏదో తేల్చేది ఫ్రీక్వెన్సీ. చేతిలో పట్టే ఎల్‌సీఆర్ మీటర్లు (కెపాసిటెన్స్ కొలిచేవి) 100 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ వరకు కొలుస్తాయి. ముందు తీగల సొంత కెపాసిటెన్స్‌ను సున్నా చేసుకోండి. అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ విలువ దాదాపు ఒకటేగా ఉంటే పొర పలచన, అంతే. 100 హెర్ట్జ్ దగ్గర బాగా ఎక్కువగా ఉండి, పైకి పోయేకొద్దీ పడిపోతుంటే తేమ, అయాన్లు ఉన్నట్టు. అయాన్లు నెమ్మదిగా కదులుతాయి, వేగంగా మారే వోల్టేజీని అందుకోలేవు.

మీటర్‌లో డీ అనే విలువ కూడా చూడండి, కెపాసిటర్‌లో శక్తి ఎంత వృథా అవుతోందో అది చెబుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో డీ పెరిగితే తప్పు పొరది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే పెరిగితే తప్పు చాలావరకు మీ కార్బన్ చుక్కది. ఆ ఇంకు నిరోధం వెయ్యి ఓమ్‌లున్నా చాలు, డీ 0.14 దాకా పెరుగుతుంది. ఈ తేడా తెలియక మంచి పొరలను పారేస్తుంటారు.

లీకేజీకి ఖరీదైన మీటర్ అక్కర్లేదు. 9 వోల్టుల బ్యాటరీ, ఒక మెగాఓమ్ రెసిస్టర్, మీ కెపాసిటర్ వరసగా కలపండి. రెసిస్టర్ చివరల మధ్య మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టండి. ఒక మిల్లీవోల్టు అంటే సుమారు ఒక నానోఆంపియర్. మీటర్ సొంత నిరోధం వల్ల పది శాతం తేడా ఉంటుంది, పర్వాలేదు. కలిపిన వెంటనే వచ్చే అంకె రాసుకోకండి. రెండు మూడు నిమిషాలు ఆగి, కదలకుండా నిలిచిన అంకె రాయండి. దాదాపు 9 వోల్టులు చూపిస్తే ఆ చుక్క షార్ట్ అయినట్టే.

ఇప్పుడు తడి పరీక్ష. గాలి దూరని టిఫిన్ డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, ఉప్పును కొద్ది నీళ్లతో తడి ఇసుకలా కలిపి అందులో వేయండి. మూత పెడితే డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ల్యాబులో దొరికే శుద్ధ సోడియం క్లోరైడ్ వాడండి, కళ్లుప్పులో మెగ్నీషియం లవణాలు ఉండి అంకె మారుతుంది. ఇంకో డబ్బాలో సిలికా జెల్ వేసి పొడిగా ఉంచండి. ఒకే పలకను పొడి డబ్బాలో ఒక రాత్రి, తడి డబ్బాలో ఒక రాత్రి ఉంచి, తీసిన వెంటనే కొలవండి. బాగా కాల్చిన లక్క కొద్దిగానే మారుతుంది. తెల్లసొన గణనీయంగా మారుతుంది. కుతూహలం కొద్దీ చింతగింజల జిగురు పొర కూడా పెట్టి చూస్తే, పైన వద్దని ఎందుకన్నానో అర్థమవుతుంది.

లీకేజీ తడిలో పదింతలు పెరిగినా పొడిలో పెట్టగానే పాత విలువకు వస్తే, పొర బాగానే ఉంది, పైకప్పు కావాలి. అప్పుడు తేనెమైనం కరిగించి, తీగలు అతికించిన తర్వాత బ్రష్‌తో పైన పూయండి. పొడి డబ్బాలోంచి తీసిన వెంటనే పూయాలి, లేకపోతే తేమను లోపల పెట్టి మూత వేసినట్టే. పాత విలువకు రాకపోతే మళ్లీ కాల్చి చూడండి, అప్పటికీ రాకపోతే ఆ పలక వదిలేయండి.

ట్రాన్సిస్టర్‌కి ఎప్పుడు వెళ్లాలి

లీకేజీ ఎంత ఉంటే చాలో ట్రాన్సిస్టర్ కరెంటే చెబుతుంది. ఛానల్ (అర్ధవాహకంలో కరెంటు పారే దారి) వెడల్పు 2 మిల్లీమీటర్లు, పొడవు 50 మైక్రాన్లు, పీ3హెచ్‌టీ మొబిలిటీ (ఛార్జీలు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే అంకె) వోల్టు-సెకనుకు 0.01 చదరపు సెంటీమీటర్లు, పైన చదరపు సెంటీమీటరుకు వచ్చిన 3.1 నానోఫారడ్లు, థ్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే గేటు వోల్టేజీ) దాటి 20 వోల్టులు అనుకోండి. సంతృప్త కరెంటు, అంటే ఆ గేటు వోల్టేజీ దగ్గర ఇక పెరగకుండా నిలిచే కరెంటు, సుమారు 250 నానోఆంపియర్లు. గేటు లీకేజీ అందులో వందో వంతు, అంటే రెండు మూడు నానోఆంపియర్లు దాటకూడదు. దాటితే మీకొచ్చే గ్రాఫు ట్రాన్సిస్టర్‌ది కాదు, లీకేజీది.

పీ3హెచ్‌టీని కరిగించే క్లోరోబెంజీన్ పని కాలేజీ ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి, హాస్టల్ గదిలో కాదు. ముందు ఆ ద్రవం చుక్క ఒకటి మీ కాల్చిన పొర మీద వేసి, ఆరాక కెపాసిటెన్స్ మారలేదని చూసుకోండి. ఇంకో సంగతి: లక్క ఉపరితలం మీద మిగిలిన హైడ్రాక్సిల్ సమూహాలు ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటాయి. ఇది 2005లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు స్పష్టంగా చూపించారు. అందుకే మొదట రంధ్రాలతో (పొరలోని చిల్లులు కాదు, హోల్స్ అనే ధన ఛార్జీలు) పనిచేసే పీ-రకం అర్ధవాహకమే వాడండి.

గేటు వోల్టేజీని పెంచుకుంటూ పోయి, మళ్లీ తగ్గిస్తూ రెండు గీతలూ గీయండి. తిరుగు ప్రయాణంలో కరెంటు తక్కువగా ఉంటే ఛార్జీలు ఉపరితలంలో చిక్కుకుంటున్నాయి. ఎక్కువగా ఉంటే పొరలో అయాన్లో, నెమ్మదిగా తిరిగే డైపోల్‌లో ఉన్నాయి, అంటే ఇంకా కాల్చాలి లేదా లవణాలు తీయాలి. వేగం మార్చి మళ్లీ గీస్తే అనుమానం తీరుతుంది. అయాన్లదే అయితే, గీత నెమ్మదిగా గీసినకొద్దీ రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది.

పాడైన పలకలు పారేయకండి. కాల్చిన లక్క స్పిరిట్‌లో దిగదు గానీ గోరువెచ్చని వాషింగ్ సోడా నీళ్లలో నానబెడితే ఊడివస్తుంది. ఐటీఓ గాజుకు ఇది సరిపోతుంది. అల్యూమినియం పూత ఉన్న పలకలను మాత్రం సోడాలో వేయొద్దు, పూత కూడా పోతుంది.